డక్టు టైపు పేరులో గేజు రాయకండి: రెవిట్‌లో రేకు, మందం, ఇన్సులేషన్ వివరాలు ఉండవలసిన చోట్లు

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. అనంతపురంలో ఒక కల్యాణ మండపానికి ఏసీ డక్టింగు మోడల్‌ను భవనాల నమూనాలు గీసే రెవిట్ అనే సాఫ్ట్‌వేర్‌లో తయారు చేస్తున్నారు. కింద భోజనశాల, పైన పెళ్లి హాలు, వెనుక వంటగది ఎగ్జాస్టు ఉన్నాయి. డక్టు టైపులకు "జీఐ 24 గేజు", "జీఐ 22 గేజు ఇన్సులేషన్‌తో" అని (జీఐ అంటే జింకు పూత ఇనుప రేకు, గేజు అంటే రేకు మందాన్ని చెప్పే నంబరు) పేర్లు పెట్టుకుంటూ పోగా ఇప్పటికి ముప్పైకి పైగా టైపులు పోగయ్యాయి. షెడ్యూలులో, అంటే మోడల్ నుంచి తీసే జాబితా పట్టికలో, మెటీరియల్ అనే కాలమ్ దొరకడం లేదు. మోడల్ ఇచ్చిన రేకు బరువుకూ, డక్టులు తయారు చేసే ఫ్యాబ్రికేటరు వేసిన లెక్కకూ పొంతన లేదు. ఇవి మీకు మూడు సమస్యలుగా కనిపిస్తున్నాయి కానీ వీటి మూలం ఒక్కటే. రేకు జాతి, రేకు మందం, పైపొర అనే మూడు వేరు వేరు సంగతులను మీరు ఒకే టైపు పేరులోకి కుక్కారు. బిల్లు దగ్గర పడిందనీ, ఆటోడెస్క్ ఫ్యాబ్రికేషన్ పార్ట్‌లకు మారాలా అనీ కూడా రాశారు, వాటి సంగతి చివర చెబుతాను.

ముందుగా రెవిట్ తీరు గురించి కొంత చెప్పాలి. పైపుల విషయంలో ఈ సాఫ్ట్‌వేర్ ఉదారంగా ఉంటుంది. పైపు సెగ్మెంట్ అనే చోట మెటీరియల్, షెడ్యూలు నంబరు (పైపు గోడ మందపు తరగతి), లోపలి వ్యాసం, బయటి వ్యాసం అన్నీ దొరుకుతాయి. పైపులు చేసి వచ్చినవారు డక్టుల్లోనూ అదే వెతుకుతారు, కానీ డక్టులకు సెగ్మెంట్ అనేదే లేదు. డక్టు టైపులో గరుకుతనం విలువ ఉంటుంది, ఏ బెండు, ఏ టీ, ఏ రెడ్యూసర్ వాడాలో చెప్పే రూటింగ్ ప్రిఫరెన్సెస్ ఉంటాయి, అంతే. మెటీరియల్ అనే గడి సిస్టమ్ టైపులో, అంటే సప్లై ఎయిర్, రిటర్న్ ఎయిర్, ఎగ్జాస్ట్ ఎయిర్ అనే చోట కనిపిస్తుంది. దాన్ని నింపగానే పని అయిపోయిందని చాలామంది అనుకుంటారు. నిజానికి అది బొమ్మకు రంగు ఇవ్వడానికి మాత్రమే పనికివస్తుంది. ఒకే సప్లై సిస్టమ్‌లో జీఐ డక్టు, లోపల లైనింగు వేసిన ప్లీనం (గాలి పెట్టె), చివర ఫ్లెక్సిబుల్ డక్టు అన్నీ ఉంటాయి కాబట్టి ఆ ఒక్క మెటీరియల్ వాటన్నింటికీ నిజం కాజాలదు. ఇక రేకు మందం విషయానికి వస్తే, మామూలు డక్టుకు రెవిట్ దృష్టిలో మందమే లేదు. 900×400 అని గీస్తే బయటి కొలతా లోపలి కొలతా అదే. మందానికి ఎక్కడా గడి లేదు కనుకనే మనమంతా దాన్ని తీసుకెళ్లి టైపు పేరులో రాస్తాం. నేనూ రాశాను.

కొన్నేళ్ల కిందట కర్నూలులో ఒక ఆసుపత్రి పనికి మోడల్ నేనే చేశాను. ఒక కారిడారులో 700×500 డక్టును "జీఐ 24" టైపుతో గీశాను. పెద్ద భుజం 700 కాబట్టి ఆ గేజు సరైనదే. రెండు వారాల తర్వాత అక్కడ దూలం లోతు పెరిగింది, సీలింగు ఎత్తు తగ్గించే వీలు లేదు, అందువల్ల డక్టును 900×400కు మార్చాను. కొలత మారింది కానీ టైపు పేరు అలాగే ఉండిపోయింది. షెడ్యూలు కూడా "జీఐ 24" అనే చెప్పింది, డ్రాయింగు మీద ట్యాగు కూడా అదే చెప్పింది. తప్పును పట్టుకున్నది మాలో ఎవరూ కాదు, షెడ్డులో రేకు కోసే మేస్త్రీ. కడప బండ పరిచిన నేల మీద సున్నపుముక్కతో డక్టు విప్పుకొలత గీసుకుంటూ, కాగితం నా వైపు తిప్పి, "సార్, ఈ తొమ్మిదొందలదానికి 24 నంబరు అని రాసినారు. ఫ్యాను ఏసినప్పుడల్లా డబడబా కొట్టుకుంటాది. 22 ఏస్తాం, మీరు కాయితం మార్చండి" అన్నాడు.

ఆ మాటకు లెక్క ఏమిటో చూడండి. డక్టులకు భారతీయ ప్రమాణమైన ఐఎస్ 655 పద్ధతిలో మన టెండర్లలో సాధారణంగా కనిపించే పట్టిక ప్రకారం దీర్ఘచతురస్రాకార జీఐ డక్టుకు పెద్ద భుజం 750 మి.మీ. వరకు 0.63 మి.మీ. రేకు, 751 నుంచి 1500 వరకు 0.80, 1501 నుంచి 2250 వరకు 1.00, ఆపైన 1.25 వాడతారు. 900×400 డక్టు చుట్టుకొలత 2.6 మీటర్లు. 12 మీటర్ల పొడవుకు 31.2 చదరపు మీటర్ల రేకు పడుతుంది. ఉక్కు సాంద్రత ఘనపు మీటరుకు 7850 కిలోలు కాబట్టి 0.63 రేకు చదరపు మీటరుకు దాదాపు 4.95 కిలోలు, 0.80 రేకు 6.28 కిలోలు తూగుతుంది. అంటే నా కాగితం ప్రకారం ఆ ముక్క 154 కిలోలు, నిజానికి కావలసింది 196 కిలోలు. ఒక్క కారిడారులోనే 42 కిలోల తేడా. మీ మండపంలో పెద్ద హాలు మీదుగా పోయే మెయిన్ డక్టులన్నీ 750 దాటినవే అయి ఉంటాయి. ఫ్యాబ్రికేటరు లెక్కతో మీ లెక్క కలవకపోవడంలో పెద్ద పాలు ఇక్కడిదే అని నా అంచనా.

కాబట్టి మొదటి నియమం ఇది: డక్టు కొలత మారినప్పుడు మారిపోయే ఏ సంగతీ టైపులో ఉండకూడదు. రేకు జాతి కొలతతో మారదు, కనుక అది టైపులో ఉండవచ్చు. మందం కొలతను బట్టి మారుతుంది, కనుక దాన్ని ఎవరూ చేత్తో రాయకూడదు, లెక్కగట్టించాలి. ఇన్సులేషన్‌కు రెవిట్‌లో విడిగా టైపులు ఉన్నాయి, కనుక డక్టు టైపు పేరులో దాని ప్రస్తావనే అక్కర్లేదు. ఈ మూడింటినీ విడదీస్తే మీ ముప్పై టైపులు ఐదారుకు తగ్గుతాయి. మీ పనికి నేనైతే జీఐ దీర్ఘచతురస్రం, జీఐ గుండ్రం, లోపల లైనింగు వేసే జీఐ, వంటగది ఎగ్జాస్టుకు వెల్డింగు చేసిన ఎంఎస్ (మైల్డ్ స్టీల్), ఎక్కడైనా ప్రీ-ఇన్సులేటెడ్ ప్యానెల్ వాడుతుంటే అది, ఇవి మాత్రమే ఉంచుతాను. ప్రతి టైపుకూ టైప్ మార్క్ అనే గడిలో ఒక చిన్న కోడు రాయండి, పై వరుసలోనే డి1, డి2 అన్నట్లు. అప్పుడు వంటగది ఎంఎస్ డి4 అవుతుంది. ఆ కోడుకు పూర్తి అర్థం, అంటే ఏ ప్రమాణపు రేకు, జింకు పూత చదరపు మీటరుకు ఎన్ని గ్రాములు, అతుకు ఏ రకం, అతుకు సందులు మూసేది ఎలా అన్నవి, ఒక్క స్పెసిఫికేషన్ పట్టికలో ఒక్కసారే రాసి ఉండాలి. ఐఎస్ 277 (జింకు పూత రేకు ప్రమాణం) అని, 120 జీఎస్ఎం (చదరపు మీటరుకు గ్రాములు) అని పదిచోట్ల రాస్తే, టెండరు సవరణ వచ్చిన రోజున తొమ్మిది చోట్లే మారుతుంది.

ఇక్కడ ఫిట్టింగుల సంగతి మరచిపోకండి, ఎక్కువమంది జారిపడేది ఇక్కడే. డక్టు టైపులు వేరు చేసినా, రూటింగ్ ప్రిఫరెన్సెస్‌లో అన్నింటికీ అదే ఎల్బో ఫ్యామిలీ (బెండు నమూనా)లోని "స్టాండర్డ్" అనే టైపు పెట్టి ఉంటే, వంటగది ఎంఎస్ డక్టు మధ్యలో వచ్చే బెండు కూడా హాలులోని జీఐ బెండూ షెడ్యూలులో ఒకే పేరుతో వస్తాయి. ఫ్యామిలీని కొత్తగా తయారు చేయనక్కర్లేదు. దానిలో టైపును డూప్లికేట్ చేసి "డి1", "డి4" అని పేర్లు పెట్టి, ఆయా డక్టు టైపు రూటింగ్ ప్రిఫరెన్సెస్‌లో వాటిని చూపిస్తే చాలు. ఇప్పటికే గీసిన వరుసలను ఎంచుకుని, ముందు చేంజ్ టైప్, తర్వాత రీఅప్లై టైప్ అనే పనిముట్లను వాడితే పాత బెండ్లు కూడా కొత్త టైపుకు మారతాయి. కొన్ని చోట్ల అతుకు తెగిందని హెచ్చరిక వస్తుంది. ఒక్కో సిస్టమ్‌గా చేస్తే వాటిని సరిదిద్దుకోవచ్చు, మొత్తం భవనాన్ని ఒకేసారి ఎంచుకుంటే ఆ రోజంతా దానికే సరిపోతుంది.

ఇక మందం. మొట్టమొదట గేజు నంబరును కాకుండా మిల్లీమీటర్లను విలువగా పెట్టుకోండి. ఇది పట్టుదల కోసం చెప్పడం లేదు. మన షెడ్లలో "24 నంబరు రేకు" అంటే 0.63 మి.మీ., ఇది బర్మింగ్‌హామ్ గేజు లెక్క. అదే 24 స్టాండర్డ్ వైర్ గేజులో 0.56 మి.మీ. దగ్గర, అమెరికా వారి జింకుపూత రేకు గేజులో 0.70 మి.మీ. దగ్గర ఉంటుంది. కన్సల్టెంటు స్మాక్నా (అమెరికా డక్టు కాంట్రాక్టర్ల సంఘం) పుస్తకం పట్టుకుని 24 అని రాసి, ఫ్యాబ్రికేటరు మన ఊరి లెక్కలో 24 తెచ్చి, ఇద్దరూ ఎవరి మాట మీద వారు నిలబడి ఉండగా, మధ్యలో మోడల్ చేసిన మనిషి నలిగిపోతాడు. పైగా స్మాక్నా పద్ధతికీ ఐఎస్ 655 పట్టికకూ ఆలోచనలోనే తేడా ఉంది. స్మాక్నాలో మందం ఒంటరిగా రాదు. ఎన్ని పాస్కల్‌ల ప్రెజర్ క్లాసు, ఎంత దూరానికి ఒక బలపరిచే కోణం (యాంగిల్ ఇనుము) పెడతారు అన్నవాటితో కలిసే మందం తేలుతుంది. బలం దగ్గర దగ్గరగా ఇస్తే రేకు పలచన చేయవచ్చు. అక్కడి రేకు మందాన్నీ ఇక్కడి బలపరిచే దూరాన్నీ కలిపి రాసిన స్పెసిఫికేషన్‌లు నేను చూశాను. అలాంటి డక్టు కాగితం మీద మాత్రమే నిలుస్తుంది. మీ టెండరు ఏ పద్ధతి చెబుతుందో ఆ ఒక్కదాన్నే తీసుకోండి. స్మాక్నా అయితే ప్రెజర్ క్లాసుకు ఒక ఇన్‌స్టెన్స్ పారామీటర్ (ప్రతి ముక్కకూ విడిగా ఉండే గడి) అదనంగా కావాలి.

మందాన్ని లెక్కగట్టించడానికి తేలిక దారి షెడ్యూలులోనే ఉంది. డక్టు షెడ్యూలులో ఒక కాలిక్యులేటెడ్ వాల్యూ పెట్టి, ఇఫ్(విడ్త్ > హైట్, విడ్త్, హైట్) అని రాస్తే పెద్ద భుజం వస్తుంది. రెండో దానిలో ఆ పెద్ద భుజం 750 దాటిందా, 1500 దాటిందా, 2250 దాటిందా అని ఒకదానిలో ఒకటి ఇమిడిన ఇఫ్‌లు రాస్తే మందం వస్తుంది. మూడోది ఏరియా, మందం, సాంద్రతల గుణకారం. ఏరియాను ఒక చదరపు మీటరుతో, మందాన్ని ఒక మిల్లీమీటరుతో భాగించి యూనిట్లు తీసేయకపోతే ఇన్‌కన్సిస్టెంట్ యూనిట్స్ అని మొండికేస్తుంది. యూనిట్లు పోయాక 7.85తో గుణిస్తే కిలోలు వస్తాయి. గుండ్రటి డక్టుకు విడ్త్, హైట్ ఉండవు కనుక దానికి డయామీటరు ఆధారంగా వేరే షెడ్యూలు పెట్టి, రెండింటినీ ఫ్యామిలీ పేరుతో వడగట్టండి.

ఈ దారికి ఒక పరిమితి ఉంది. కాలిక్యులేటెడ్ వాల్యూ ఆ షెడ్యూలులోనే పుట్టి అక్కడే ఉంటుంది. డ్రాయింగు మీద ట్యాగులో చూపించడానికి గానీ, వ్యూ ఫిల్టరులో రంగు వేయడానికి గానీ కుదరదు. షెడ్డుకు వెళ్లే డ్రాయింగు మీద ప్రతి ముక్క పక్కన మందం ఉండాలంటే, డక్టులకూ ఫిట్టింగులకూ ఒక షేర్డ్ పారామీటర్‌ను ఇన్‌స్టెన్స్‌గా జోడించి, దాన్ని డైనమో (రెవిట్‌తో పనిచేసే ప్రోగ్రామింగ్ సాధనం) స్క్రిప్టుతో నింపాలి. షేర్డ్ అని ఎందుకంటున్నానంటే మామూలు ప్రాజెక్ట్ పారామీటర్ ట్యాగులోకి రాదు. స్క్రిప్టు చేసే పని చిన్నది. ప్రతి ముక్క కనెక్టర్ల కొలతలు చూసి, వాటిలో పెద్ద భుజాన్ని పట్టి, పట్టికతో పోల్చి, విలువ రాస్తుంది. పట్టికను స్క్రిప్టు లోపల రాయకుండా ఒక ఎక్సెల్ షీటులో ఉంచి అక్కడి నుంచి చదివించండి. రేపు ఇంకో పనికి వేరే పట్టిక వస్తే స్క్రిప్టును ముట్టుకోనక్కర్లేదు.

ఇందులో నేను చేసిన ఒక పొరపాటు చెబుతాను, మీకు ఒక సాయంత్రం మిగులుతుంది. పైథాన్ నోడులో కనెక్టరు వెడల్పును నేరుగా 750తో పోల్చాను. స్క్రిప్టు సాఫీగా నడిచింది, ఒక్క తప్పూ చూపలేదు, భవనంలోని ప్రతి డక్టుకూ 0.63 అని రాసింది. ప్రాజెక్టు యూనిట్లు మనం ఏవి పెట్టుకున్నా రెవిట్ లోలోపల పొడవులను అడుగుల్లోనే దాచుకుంటుంది. 900 మి.మీ. డక్టు దానికి 2.95 మాత్రమే. 304.8తో గుణించి పోల్చాలి. అప్పటి నుంచి ఏ స్క్రిప్టు రాసినా, నడిపిన తర్వాత అన్నిటికంటే పెద్ద డక్టును ఒకదాన్ని క్లిక్ చేసి చూడకుండా లేవను.

రెడ్యూసరుకూ టీకీ ఏ కొలత తీసుకోవాలని అడుగుతారు. పెద్ద చివర ఏదో దాని మందమే మొత్తం ముక్కకు. మీ లెక్క కలవకపోవడానికి రెండో కారణం కూడా ఫిట్టింగుల్లోనే ఉంది. నేరు డక్టుకు రెవిట్ ఏరియా ఇస్తుంది, ఫిట్టింగులకు ఇవ్వదు. ఫ్యాబ్రికేటరు మాత్రం బెండ్లను కూడా కొలిచి బిల్లు వేస్తాడు, వేయాలి కూడా. 900×400 డక్టు పడుకున్నట్లుగా తిరిగే 90 డిగ్రీల గుండ్రటి బెండును తీసుకోండి. లోపలి వ్యాసార్థం 450 అయితే మధ్యరేఖ వ్యాసార్థం 900, మధ్యరేఖ పొడవు 1.41 మీటర్లు. దాన్ని చుట్టుకొలత 2.6తో గుణిస్తే 3.68 చదరపు మీటర్లు. మేస్త్రీ లాగా రెండు చెంపలు, లోపలి వీపు, బయటి వీపు విడివిడిగా కొలిచి కూడినా ఇదే సంఖ్య వస్తుంది. అంటే ఒక్క బెండుకు 23 కిలోల రేకు మీ షెడ్యూలులో సున్నాగా ఉంది. మీ పెళ్లి హాలులో ఇలాంటివి ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టుకోండి. ఒకే కొలత గల బెండ్లకు చుట్టుకొలతను మధ్యరేఖతో గుణించే సూత్రాన్ని ఫ్యామిలీలోనే రాసి ఏరియాను షేర్డ్ పారామీటరుగా బయటకు ఇవ్వవచ్చు. రెడ్యూసర్లకు రెండు చివరల చుట్టుకొలతల సగటును పొడవుతో గుణిస్తే బిల్లుకు సరిపోయేంత దగ్గరగా వస్తుంది. ఆఫ్‌సెట్లకూ టీలకూ డైనమోలో ఉపరితలాలను కూడించడమే మేలు. చివరల్లో నోరు మూసే ఉపరితలాలను తీసేయడం మరవకండి.

గరుకుతనం గురించి ఎవరూ అడగరు, ఎందుకంటే అది కంటికి కనిపించదు. డక్టు టైపులో మొదటి నుంచి ఉండే విలువ 0.09 మి.మీ., అది శుభ్రమైన జీఐ రేకుకు తగినది. ఆష్రే (అమెరికా ఏసీ ఇంజనీర్ల సంఘం) పట్టికల్లో లోపల పీచు లైనింగు వేసిన డక్టుకు 0.9, ఫ్లెక్సిబుల్ డక్టుకు 3.0 మి.మీ. ఉంటాయి. ఒక టైపును డూప్లికేట్ చేసి పేరు మాత్రం మార్చి "లైన్డ్" అని రాస్తే సాఫ్ట్‌వేర్‌కు తెలుగూ రాదు, ఇంగ్లీషూ రాదు. అది 0.09తోనే ఒత్తిడి నష్టం లెక్కిస్తుంది. అదే 900×400 డక్టులో గాలి సెకనుకు 6 మీటర్ల వేగంతో పోతుంటే మీటరుకు దాదాపు 0.64 పాస్కల్‌ల నష్టం. గరుకుతనం 0.9 అయితే 0.90. ఇంతటితో అయిపోలేదు. 25 మి.మీ. లైనింగు నాలుగు వైపులా లోపలి నుంచి తినేస్తే మిగిలే దారి 850×350. అదే గాలి ఇప్పుడు 7.26 మీటర్ల వేగంతో పోవాలి, నష్టం మీటరుకు 1.5 పాస్కల్‌లకు చేరుతుంది. మొదటి అంకెకు రెండింతల పైమాటే. పెళ్లి హాలులో నాదస్వరం వినపడాలి గానీ ఫ్యాను మోత వినపడకూడదని లైనింగు వేస్తాం. రేకు కొలత పెంచకుండా వేస్తే ఆ వేగంతో పోయే గాలే మోత చేస్తుంది. షెడ్యూలులో ఫ్రీ సైజ్ అనే కాలమ్‌ను లైనింగు వేసిన డక్టులకు తప్పక పెట్టండి. డిజైనరు అడిగిన గాలి దారి అదేనో కాదో ఒక్క చూపులో తెలుస్తుంది.

బయటి ఇన్సులేషన్‌కు టైపులను పదార్థం పేరుతో చేయండి. మందం ఇన్‌స్టెన్స్‌లోనే ఉంటుంది కనుక "నైట్రైల్ 19", "నైట్రైల్ 25" అని విడగొట్టనక్కర్లేదు. చోటును బట్టి ఎంత వేయాలన్నది డిజైనరు నిర్ణయమే అయినా, ఒక లెక్క మీ దగ్గర ఉంటే తప్పులు పట్టుకోవచ్చు. ఈసీబీసీ 2017 (వాణిజ్య భవనాల ఇంధన పొదుపు నియమావళి) ప్రకారం ఏసీ లేని చోట, ఉదాహరణకు సీలింగు పైన, పోయే సప్లై డక్టుకు ఉష్ణ నిరోధం 0.6, ఆరుబయట పోయేదానికి 1.4 ఉండాలి. నైట్రైల్ రబ్బరు ఉష్ణ వాహకత 0.035 అనుకుంటే 19 మి.మీ. పొర 0.54 మాత్రమే ఇస్తుంది, 25 మి.మీ. 0.71 ఇస్తుంది. ఆరుబయటకు రెండు 25 పొరలు కావాలి. మీ మండపం టెర్రస్ మీద యూనిట్లు పెట్టి డక్టును మీద నుంచి దించుతున్నట్లయితే ఇది మీకు నేరుగా వర్తిస్తుంది. వైశాఖ మాసపు ముహూర్తాలు అనంతపురంలో ఏ ఎండలో వస్తాయో మీకు నేను చెప్పనక్కర్లేదు. ఆ టెర్రస్ ముక్కకూ సీలింగు ముక్కకూ డక్టు టైపు ఒకటే డి1. ఇన్సులేషన్ మందం మాత్రమే వేరు. గోడలో, స్లాబులో రంధ్రాలకు మాత్రం డక్టు కొలత కాకుండా ఓవరాల్ సైజ్ తీసుకోండి. 900×400 డక్టు 50 మి.మీ. పొరతో 1000×500 అవుతుంది. సివిల్ వారికి 950×450 రంధ్రం ఇస్తే, తర్వాత ఇన్సులేషన్ కోసుకుని దూర్చేది మనవారే, అక్కడే నీరు చెమర్చేది.

వంటగది ఎగ్జాస్టును జీఐ టైపుల దగ్గరకు రానివ్వకండి. దానికి కొలత పట్టిక వర్తించదు. ఎన్‌ఎఫ్‌పీఏ 96 (వంటగది ఎగ్జాస్టులకు అమెరికా అగ్నిభద్రత ప్రమాణం) ప్రకారం నూనె ఆవిరి పోయే డక్టుకు కార్బన్ స్టీల్ అయితే కనీసం 1.52 మి.మీ., స్టెయిన్‌లెస్ స్టీల్ అయితే కనీసం 1.21 మి.మీ. రేకు ఉండాలి. అతుకులన్నీ ద్రవం కారకుండా బయటి నుంచి తెంపు లేని వెల్డింగుతో మూయాలి. అంటే 300×300 డక్టయినా అంతే మందం. అందుకే మీ స్క్రిప్టు పెద్ద భుజాన్ని చూసేముందు టైప్ మార్క్‌ను చూడాలి. డి4 అయితే పట్టిక వదిలేసి స్థిరమైన మందం రాయాలి. రూటింగ్ ప్రిఫరెన్సెస్‌లో కూడా ఈ టైపుకు యూనియన్ గడిలో జీఐకి పెట్టినట్లు ఫ్లాంజ్ అతుకు పెట్టకండి. వంటగదిలో వెయ్యి మందికి గుత్తి వంకాయ, పూరీలు వేయించే పొయ్యి మీద డక్టు అతుకు నుంచి నూనె కారడం చూసినవారు దీన్ని తేలికగా తీసుకోరు.

ప్రీ-ఇన్సులేటెడ్ ప్యానెల్ డక్టుకు ఒక్క మాట. 20 మి.మీ. ప్యానెల్‌తో చేసిన 900×400 డక్టు బయటి కొలత 940×440. రెవిట్‌లో లోపలి కొలతతో గీసి, ప్యానెల్ పేరుతో ఒక ఇన్సులేషన్ టైపు చేసి 20 మి.మీ. తొడిగితే క్లాష్ తనిఖీకి (ఏది దేనికి తగులుతుందో చూడడానికి) నిజమైన బయటి కొలత దొరుకుతుంది. అయితే బిల్లులో అది ఇన్సులేషన్ కింద రెండోసారి లెక్కకు రాకుండా షెడ్యూలులో వడగట్టాలి. ఇది కొంత అతుకుల బొంత పద్ధతే కానీ నడుస్తుంది.

ఆటోడెస్క్ ఫ్యాబ్రికేషన్ పార్ట్‌లకు మారాలా అని కూడా అడిగారు. అక్కడ స్పెసిఫికేషన్ అనే మాటకు అసలైన అర్థం ఉంది. కొలతను బట్టి మందం, అతుకు, బలపరిచే కోణం అన్నీ డేటాబేసు నుంచి వాటంతట అవే వస్తాయి, డక్టు నిజమైన ముక్కలుగా విడిపోతుంది. కానీ ఆ డేటాబేసును మన పట్టికల ప్రకారం ఎవరో కూర్చుని తయారు చేయాలి. మీ ఫ్యాబ్రికేటరుకు ప్లాస్మా కటింగ్ యంత్రం ఉండి, మీ ఫైలు నేరుగా దానిలోకి పోతుందంటే ఆ శ్రమ చేయండి. షెడ్డులో ఇప్పటికీ సున్నపుముక్కతో విప్పుకొలత గీసే చోట ఒక్క మండపం కోసం అంత అవసరం లేదని నా అభిప్రాయం.

బిల్లు దగ్గర పడిందన్నారు కాబట్టి వరుస ఇలా పెట్టుకోండి. ఈ రోజే ఫైలును వేరే పేరుతో దాచి, వంటగది ఎగ్జాస్టును డి4కు మార్చండి. డబ్బు కంటే ముందు అది భద్రత సంగతి. తర్వాత హాలు మెయిన్ డక్టుల షెడ్యూలులో మందం కాలమ్ పెట్టి, టైపు పేరులోని గేజుతో కలవని వరుసలను గుర్తించండి. ఆ జాబితాను ఫ్యాబ్రికేటరుకు చూపిస్తే, ఆయన ఇప్పటికే ఏవి ఏ రేకుతో కోశాడో చెబుతాడు. కోసినవాటిని మైక్రోమీటరుతో కొలిపించి, ఆ కొలతనే మోడల్‌లో రాయండి. ఆ తర్వాతే టైపుల విలీనం మొదలుపెట్టండి, ఒక్కో సిస్టమ్‌గా. విలీనం జరుగుతుండగా టైప్ మార్క్ ఖాళీగా ఉన్న డక్టులన్నీ ఎర్రగా కనిపించేలా ఒక వ్యూ ఫిల్టరు పెట్టుకుని, ఆ వ్యూలో ఎరుపు పూర్తిగా పోయేవరకు పాత టైపులను పర్జ్ చేయకండి, అంటే తుడిచేయకండి.